పరిశోధన మీద ఆసక్తి ఉన్న విద్యార్థికి ఏ ఇంజినీరింగ్ కాలేజీ నయం: విజయవాడ, గుంటూరు వాళ్ల కోసం ఒక పోలిక

ఈఏపీసెట్ ర్యాంకులు వచ్చి వెబ్ ఆప్షన్లు పెట్టుకునే రోజులు దగ్గరపడితే మా ఇంట్లో ఫోను తీరిక లేకుండా మోగుతుంది. పదిహేనేళ్లుగా ఈ ప్రాంతంలోనే సివిల్ ఇంజినీరింగ్ విద్యార్థులకు పాఠాలు చెబుతున్నాను కాబట్టి బంధువులు, పాత విద్యార్థులు, వాళ్ల ఇరుగుపొరుగువారు కూడా పిల్లల్ని ఎక్కడ చేర్పించాలో అడుగుతారు. వాళ్లు అడిగేది చాలావరకు ప్లేస్‌మెంట్ల గురించి, ఫీజుల గురించి. కిందటేడు మాత్రం తెనాలి నుంచి మా అన్నయ్య కూతురు ఫోన్ చేసి వేరే ప్రశ్న వేసింది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు మా చెల్లెలి కుటుంబం మూడు రోజులు మేడ మీదే గడిపింది. ఆ రోజుల్లోనే ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. "బాబాయ్, ఆ నీళ్లు ఎటు నుంచి వచ్చాయో, అన్ని రోజులు ఎందుకు నిలిచాయో లెక్క కట్టే పని నేర్చుకోవాలని ఉంది. ఏ కాలేజీలో చేరితే అలాంటి పని చేయనిస్తారు?" అని అడిగింది.

ఆ అమ్మాయి ముందు మూడు దారులు ఉన్నాయి. గుంటూరు దగ్గర ఒక స్వయంప్రతిపత్తి కాలేజీలో కన్వీనర్ కోటా సీటు, అంటే ర్యాంకును బట్టి ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో ఇచ్చే సీటు, వచ్చేలా ఉంది. రాజధాని ప్రాంతంలో ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయంలో చేరితే ఫీజు, హాస్టల్ కలిపి ఖర్చు చాలా ఎక్కువవుతుంది. మూడోది నాగార్జున నగర్‌లోని విశ్వవిద్యాలయం సొంత కాలేజీ. ఈ మూడింటినీ పోల్చడానికి ఆమెకు నేను ఇచ్చిన కొలత ఒక్కటే. బి.టెక్ స్థాయిలో పరిశోధన అంటే విద్యార్థి యంత్రం దగ్గరో, పొలంలోనో, కంప్యూటర్ ముందో తన సొంత ప్రశ్నతో గడిపే గంటలు, ఆ గంటల్లో పక్కన ఉండి తప్పు దిద్దే మనిషి. ఏ దారిలో ఆ గంటలు ఎక్కువ దొరుకుతాయో, ఆ మనిషి ఎక్కడ ఉన్నాడో చూసుకోవాలి. భవనాలు, ర్యాంకులు, ప్రకటనలు అన్నీ ఆ తర్వాత చూడవలసినవి.

ఏ తరహా సంస్థ

మొదటి తరహా, విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉంటూ స్వయంప్రతిపత్తి పొందిన ప్రైవేటు కాలేజీ. గుంటూరు పక్కన చౌడవరంలో 1985లో మొదలైన ఆర్.వి.ఆర్. అండ్ జె.సి. కాలేజీ, కానూరులోని పి.వి.పి. సిద్ధార్థ, మైలవరంలోని లకిరెడ్డి బాలిరెడ్డి కాలేజీ ఈ కోవలోకి వస్తాయి. సిలబస్ తయారుచేసుకోవడం, ప్రశ్నపత్రాలు రూపొందించి పరీక్షలు పెట్టుకోవడం కాలేజీ చేతిలోనే ఉంటాయి, పట్టా మాత్రం నాగార్జున విశ్వవిద్యాలయమో, కాకినాడ జేఎన్‌టీయూవో ఇస్తుంది. కన్వీనర్ కోటాలో సీటు వస్తే అర్హత ఉన్నవారికి ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తిస్తుంది కాబట్టి మధ్యతరగతి ఇంటికి ఇది పెద్ద ఊరట. మేనేజ్‌మెంట్ కోటాకు ఆ సదుపాయం లేదు. పరిశోధన పరంగా ఇక్కడున్న ఇబ్బంది అధ్యాపకుల సమయం. నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్ వారానికి 16 గంటలు, ప్రొఫెసర్ 14 గంటలు తరగతులు చెప్పాలి. వాటికి మిడ్ పరీక్షల ఇన్విజిలేషన్, పేపర్లు దిద్దడం, అక్రెడిటేషన్ ఫైళ్లు తోడైతే సాయంత్రం నాలుగు గంటలకు ఆ మనిషిలో ఓపిక మిగలదు. ఇంత భారం మధ్య కూడా విద్యార్థులను దగ్గర కూర్చోబెట్టుకుని పని నేర్పే అధ్యాపకులు ప్రతి కాలేజీలోనూ ఇద్దరో ముగ్గురో ఉంటారు. వాళ్లెవరో చేరకముందే తెలుసుకోవడం మన పని.

ఈ తరహా కాలేజీలో తప్పకుండా అడగవలసిన ప్రశ్న ఒకటి ఉంది. ఆ విభాగాన్ని మాతృ విశ్వవిద్యాలయం పరిశోధన కేంద్రంగా గుర్తించిందా? గుర్తింపు ఉంటే పీహెచ్‌డీ విద్యార్థులు అక్కడే పని చేసుకోవచ్చు, లేకపోతే అధ్యాపకుల సొంత పరిశోధన కూడా వేరే ఊళ్లో, వేరే ల్యాబ్‌లో సాగుతుంది. గైడు తన ప్రయోగాలకు వేరే చోటికి వెళ్లే పరిస్థితి ఉంటే బి.టెక్ విద్యార్థికి ఆ పనిని కళ్లారా చూసే అవకాశం రాదు.

రెండో తరహా డీమ్డ్ విశ్వవిద్యాలయాలు (కేంద్రం విశ్వవిద్యాలయ హోదా ఇచ్చిన సంస్థలు), ప్రైవేటు విశ్వవిద్యాలయాలు. వడ్డేశ్వరంలోని కె.ఎల్., వడ్లమూడిలోని విజ్ఞాన్ డీమ్డ్ సంస్థలు, అవి సొంత ప్రవేశ పరీక్షలు పెట్టుకుంటాయి. రాజధాని ప్రాంతంలో 2017లో మొదలైన విట్-ఏపీ, ఎస్ఆర్ఎం-ఏపీ ప్రైవేటు విశ్వవిద్యాలయాలు, వీటిలో 35 శాతం సీట్లను ఈఏపీసెట్ కౌన్సెలింగ్ ద్వారా కన్వీనర్ కోటాలో ఇస్తున్నారు. ఈ సంగతి చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. మంచి ర్యాంకు ఉన్నా, ఇక్కడ ఫీజు భరించలేమని అనుకుని ఆప్షన్ కూడా పెట్టరు.

ఇలాంటి సంస్థల్లో పరిశోధనకు ప్రాధాన్యం ఎక్కువ ఉండటానికి ఒక కారణం జాతీయ ర్యాంకింగు. ఎన్ఐఆర్ఎఫ్ ఇంజినీరింగ్ ర్యాంకులో నూటికి 30 మార్కులు పరిశోధనవి, 30 బోధన, వనరులవి, 20 విద్యార్థుల ఫలితాలవి, మిగిలిన 20 అందరికీ అవకాశం, పేరుప్రతిష్ఠలు అనే రెండు అంశాలవి. పరిశోధన పత్రాలు లెక్కలోకి వస్తాయి కాబట్టి అధ్యాపకుల మీద వాటి కోసం ఒత్తిడి ఉంటుంది, పూర్తికాలం పీహెచ్‌డీ చేసేవారికి స్టైపెండ్ ఇచ్చి చేర్చుకుంటారు, పరికరాలు కొంటారు. రెండో ఏటి విద్యార్థి కూడా ఆ గుంపులో చేరవచ్చు. అయితే ఆ గుంపులో అతనికి ఇచ్చే పనేమిటో చూడాలి. ప్రయోగం చేయనిస్తే, ఫలితం తప్పు వచ్చినప్పుడు ఎందుకు వచ్చిందో అడిగితే, అది చదువు. పట్టికలు టైపు చేయించి, రిఫరెన్సులు సర్దించి పేరు చివర్లో వేస్తే ఆ పత్రం అతనికి ఏమీ నేర్పదు. రెండు రకాల గుంపులూ ఒకే భవనంలో పక్కపక్క గదుల్లో ఉండటం నేను చూశాను.

మూడో తరహా విశ్వవిద్యాలయం స్వయంగా నడిపే ఇంజినీరింగ్ కాలేజీ. మన రెండు ఊళ్ల మధ్య జాతీయ రహదారి మీద, 1976లో ఏర్పడిన ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఉన్నది అలాంటిదే. ఇలాంటి చోట పెద్ద లాభం పొరుగు విభాగాలు. రసాయనశాస్త్రం, భౌతికశాస్త్రం, జీవశాస్త్రాల పరిశోధక విద్యార్థులు అదే ప్రాంగణంలో ఉంటారు, పెద్ద గ్రంథాలయం నడిచి వెళ్లేంత దూరంలో ఉంటుంది. నీటి నాణ్యత మీద పనిచేసే సివిల్ విద్యార్థికి పక్క భవనంలో కెమిస్ట్రీ స్కాలర్ దొరకడం మామూలు విషయం కాదు. చేరేముందు ఇంజినీరింగ్ విభాగంలో రెగ్యులర్ అధ్యాపకులు ఎంతమంది, కాంట్రాక్టు మీద ఉన్నవారు ఎంతమంది అని మర్యాదగా అడగాలి, ఎందుకంటే మూడో ఏట మొదలుపెట్టిన పనికి నాలుగో ఏట కూడా అదే గైడు ఉండాలి.

గత కొన్నేళ్లలో ఈ ప్రాంతంలో కొన్ని కాలేజీలు విశ్వవిద్యాలయాలుగా మారాయి. అందువల్ల సీనియర్లు చెప్పే నిబంధనలు కొత్తగా చేరేవారికి వర్తించకపోవచ్చు. పట్టా ఏ పేరుతో వస్తుంది, సీటు ఏ కోటా కిందకు వస్తుంది, ఫీజు నాలుగేళ్లూ ఒకేలా ఉంటుందా అనే మూడు సంగతులు కాగితం మీద చూసుకోవాలి.

నా అభిప్రాయం దాచను. అప్పు చేయకుండా ఖర్చు భరించగలిగితే పూర్తికాలం పరిశోధక విద్యార్థులు ఉన్న విభాగం, అది ఏ తరహా సంస్థలోనిదైనా, బి.టెక్ విద్యార్థికి ఎక్కువ మేలు చేస్తుంది. పాఠం అధ్యాపకుడు చెబుతాడు, బోల్టు ఎలా బిగించాలో మాత్రం స్కాలరే చూపిస్తాడు. కానీ ఇల్లు తాకట్టు పెట్టి ప్రైవేటు విశ్వవిద్యాలయంలో చేర్పించడాన్ని నేను ఎవరికీ సలహాగా చెప్పలేను. కన్వీనర్ కోటాలో మంచి విభాగం ఉన్న స్వయంప్రతిపత్తి కాలేజీలో చేరి, లోటును వేసవుల్లో పూడ్చుకోవచ్చు. బెంగళూరు, ఢిల్లీ, ప్రయాగ్‌రాజ్‌లలోని మూడు జాతీయ సైన్స్ అకాడమీలు కలిసి ఏటా రెండు నెలల వేసవి పరిశోధన ఫెలోషిప్ ఇస్తాయి. మద్రాసు ఐఐటీ కూడా వేసవి ఫెలోషిప్ ఇస్తుంది. వాటికి చూసేది మార్కులు, అధ్యాపకుడి సిఫారసు ఉత్తరం, విద్యార్థి తన ఆసక్తి గురించి రాసిన పేజీ. ఆ పేజీలో రాయడానికి విద్యార్థి అప్పటికే ఏదో ఒక పని చేసి ఉండాలి.

ల్యాబ్‌ను చూసి రావడం

కౌన్సెలింగ్‌కు ముందు చాలా కాలేజీలు తల్లిదండ్రులను ఆహ్వానించి అంతా తిప్పి చూపిస్తాయి. ఆ రోజు చూసినదాన్ని బట్టి నిర్ణయం తీసుకోకండి. మామూలు పనిదినం మధ్యాహ్నం మూడు గంటలకు, ముందుగా అనుమతి అడిగి, మీకు కావలసిన ఒక్క విభాగానికే వెళ్లండి.

సివిల్ విభాగమైతే కాంక్రీటు ల్యాబ్‌లో నీళ్ల తొట్టి దగ్గర ఆగండి. కాంక్రీటు దిమ్మెలను, మేం క్యూబులంటాం, పోసిన తర్వాత బలం వచ్చేదాకా ఆ నీళ్లలోనే ఉంచుతారు. ప్రతి క్యూబు మీద మార్కరుతోనో పెయింటుతోనో పోసిన తేదీ, మిశ్రమం గుర్తు రాస్తారు. తొట్టిలో ఉన్న క్యూబులన్నింటి మీదా ఒకే తేదీ ఉంటే అవి ల్యాబ్ సిలబస్‌లోని ప్రయోగానివి. నాలుగైదు వేర్వేరు తేదీలు, వేర్వేరు చేతిరాతలు, ఫ్లై యాష్ (థర్మల్ విద్యుత్ కేంద్రాల్లో బొగ్గు కాలగా మిగిలే సన్నటి బూడిద) శాతాల వంటి గుర్తులు కనిపిస్తే అక్కడ ఎవరో సొంత ప్రశ్నతో పనిచేస్తున్నారన్నమాట. నేను ఒకసారి ఒక కాలేజీకి వైవా తీసుకోవడానికి వెళ్లినప్పుడు తొట్టి ఎండిపోయి, అడుగున సున్నపు పొర తెల్లగా పగుళ్లు తేలి ఉంది. పక్క గదిలోని బల్ల మీద కంప్రెషన్ టెస్ట్ ఫలితాల రికార్డులు మాత్రం వరసగా, అందంగా, అట్టలు వేసి ఉన్నాయి.

పెద్ద యంత్రాల పక్కన వాడకం రిజిస్టరు ఉంటుంది. చివరి ఐదు సంతకాలు ఎవరివో, ఏ తేదీలవో చూడండి. ల్యాబ్ అసిస్టెంటును పలకరించి, "బాబూ, సాయంత్రాలు పిల్లలెవరైనా ఉంటారా ఇక్కడ?" అని అడగండి. హెచ్‌ఓడీ గదిలో దొరకని జవాబు ఆయన దగ్గర దొరుకుతుంది, పైగా రేపు మీ అబ్బాయికో అమ్మాయికో తాళం తీయవలసినది ఆయనే. కంప్యూటర్ సైన్సు విభాగంలో తొట్టికి బదులు సర్వరు ఉంటుంది. జీపీయూ (భారీ లెక్కలను వేగంగా చేసే చిప్పు) ఉన్న సర్వరు ఉందని అందరూ చెబుతారు కాబట్టి, మూడో ఏటి విద్యార్థి ఎవరినైనా పట్టుకుని దానిలో నీకు లాగిన్ ఉందా, కిందటి నెలలో ఎన్నిసార్లు వాడావు అని అడిగితే అసలు సంగతి తెలుస్తుంది.

ఇంట్లో కూర్చుని చూడగలిగినది కూడా ఒకటి ఉంది. ఎన్ఐఆర్ఎఫ్‌కు ప్రతి సంస్థా ఇచ్చిన వివరాల పత్రం అందరికీ అందుబాటులో ఉంటుంది. అందులో పూర్తికాలం పీహెచ్‌డీ విద్యార్థుల సంఖ్య, బయటి నిధులతో నడిచే ప్రాజెక్టులు ఎన్ని, వాటికి ఏడాదిలో వచ్చిన మొత్తం ఎంత అనే వివరాలు ఉంటాయి. ప్రాజెక్టు నడుస్తుంటే దాని మీద జూనియర్ రిసెర్చ్ ఫెలో ఉండే అవకాశం ఉంది. కేంద్ర సంస్థలు ఇచ్చే ఆ ఫెలోషిప్ 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు. ఆ జీతం తీసుకునే స్కాలరు సాయంత్రం ల్యాబ్‌లో లైటు వెలిగించి ఉంచుతాడు, జూనియర్లు వచ్చి కూర్చోవడానికి అంతకన్నా కావలసింది లేదు.

హాస్టలా, ఇల్లా

ఈ ఒక్క నిర్ణయం పరిశోధన మీద కాలేజీ పేరు కన్నా ఎక్కువ ప్రభావం చూపిస్తుందని నా సొంత అనుభవం వల్ల నమ్ముతాను, అందుకే దీని గురించి వివరంగా చెబుతాను.

నేను బి.టెక్ నాలుగో ఏడు చదువుతున్నప్పుడు గుంటూరు అరండల్‌పేట నుంచి రోజూ కాలేజీ బస్సులో వెళ్లేవాణ్ని. మా బ్యాచి నలుగురం ఇబ్రహీంపట్నం థర్మల్ విద్యుత్ కేంద్రం నుంచి ఫ్లై యాష్ తెప్పించుకుని, సిమెంటులో పది, ఇరవై, ముప్పై శాతం తగ్గించి ఆ మేరకు ఫ్లై యాష్ వేసి కాంక్రీటు బలం ఎలా మారుతుందో చూడాలనుకున్నాం. ఏమీ కలపని మిశ్రమంతో కలిపి నాలుగు మిశ్రమాలు, ఒక్కోదానికి ఏడో రోజుకు మూడు, ఇరవై ఎనిమిదో రోజుకు మూడు, మొత్తం 24 క్యూబులు. 150 మిల్లీమీటర్ల క్యూబు ఒక్కొక్కటి ఎనిమిది కిలోల బరువు. ఇసుక, కంకర తూచి, మిక్సరులో కలిపి, స్లంప్ (తడి కాంక్రీటు ఎంత జారుగా ఉందో) చూసి, అచ్చుల్లో మూడు పొరలుగా నింపి, పొరకు 35 పోట్లకు తగ్గకుండా కూరి, పైన నునుపు చేసి, గట్టిపడకముందే మిక్సరు కడిగేసరికి మధ్యాహ్నం మొత్తం పడుతుంది. మా బస్సు నాలుగున్నరకు బయలుదేరేది. నాలుగూ ఇరవైకి ఇంకా ఆరు అచ్చులు మిగిలి ఉంటే మిగిలిన కాంక్రీటు ఇద్దరం ఆదరాబాదరా కూరేసి, సిమెంటు చేతులతోనే బస్సెక్కాం. ఏడో రోజున పరీక్షిస్తే ఆ క్యూబుల ఫలితాలు ఒకదానికొకటి పొంతన లేకుండా వచ్చాయి, పగిలిన ముక్కల్లో తేనెపట్టులా రంధ్రాలు కనిపించాయి.

ఇరవై ఎనిమిది రోజులంటే సరిగ్గా నాలుగు వారాలు కాబట్టి మంగళవారం పోసిన క్యూబు మంగళవారమే పరీక్షకు వస్తుంది. మేం పోసిన మంగళవారం నుంచి నాలుగు వారాలు లెక్కపెడితే అది దసరా సెలవుల్లో పడుతుందని ఎవరమూ క్యాలెండరు చూడలేదు. ల్యాబ్ తాళం వేసి ఉంది, మేమంతా ఇళ్ల దగ్గర ఉన్నాం. చివరికి 36వ రోజున పరీక్షించాం. మా గైడు పట్టికలో "36 రోజులు" అనే రాయించారు, 28 అని రాయనివ్వలేదు. ఆయన మీద నాకు ఇప్పటికీ ఉన్న గౌరవానికి ఆ ఒక్క అంకె చాలు. ఫలితం మాత్రం దేనితోనూ పోల్చడానికి పనికిరాలేదు. హాస్టల్లో ఉన్న మరో బ్యాచి వాళ్లు వార్డెనుకు అర్జీ పెట్టుకుని సెలవుల్లో రెండు రోజులు ఆగి తమ క్యూబులు పరీక్షించుకున్నారు.

దూరం లెక్క కూడా వేసి చూడండి. గుంటూరుకు, విజయవాడకు మధ్య సుమారు 35 కిలోమీటర్లు. వీధి వీధికీ ఆగుతూ వెళ్లే కాలేజీ బస్సులో ఒక ఊరి నుంచి రెండో ఊరి శివార్లకు వెళ్లి రావడానికి రోజుకు మూడు గంటలు పోతాయి. ఏడాదికి 180 పనిదినాలు వేసుకుంటే 540 గంటలు. ప్రాజెక్టు పనికి ఒక విద్యార్థి మొత్తం పెట్టే సమయం దానిలో సగం కూడా ఉండదు. బెంజి సర్కిల్ దగ్గర వాహనాల రద్దీ, కనకదుర్గ వారధి మీద ఎప్పుడైనా లారీ ఆగిపోతే పోయే సమయం ఇందులో కలపలేదు.

హాస్టల్‌కు ఖర్చుంది, ఇంటి భోజనం ఉండదు, ఆరోగ్యం, నిద్ర చెడే ప్రమాదమూ ఉంది. వీటికి తోడు ఆడపిల్లలకు మరో అడ్డంకి ఉంది. చాలా హాస్టళ్లలో అమ్మాయిలు సాయంత్రం ఆరు, ఆరున్నరకల్లా లోపలికి రావాలి. అబ్బాయిలకు రాత్రి ఎనిమిది తొమ్మిది దాకా వెసులుబాటు ఉంటుంది. ఒకే ల్యాబ్, ఒకే ఫీజు, ఒకే ప్రాజెక్టు అయినప్పుడు ఈ తేడా అన్యాయమనే నేను అంటాను. చేరేముందు తండ్రులు అడగవలసిన ప్రశ్న ఇది: ల్యాబ్ పని ఉన్న రోజు గైడు సంతకంతో ఆలస్యంగా రావడానికి నిబంధన ఉందా, ల్యాబ్ నుంచి హాస్టల్‌కు తోడు ఎవరు వస్తారు? స్పష్టమైన జవాబు ఉన్న చోట అమ్మాయి నిశ్చింతగా పనిచేసుకుంటుంది.

ఖర్చు భారమైనవాళ్లకు మధ్యేమార్గం ఒకటి ఉంది. మొదటి రెండేళ్లు గణితం, భౌతికశాస్త్రం, మూల పాఠ్యాంశాలు ఎక్కువగా ఉంటాయి కాబట్టి ఇంటి నుంచి వెళ్లవచ్చు, మూడో ఏటి నుంచి హాస్టల్లో చేరవచ్చు. ఆ డబ్బు మొదటి ఏడు ఖర్చుపెట్టడం కన్నా మూడో ఏట ఖర్చుపెడితేనే ల్యాబ్ గంటలుగా తిరిగి వస్తుంది. హాస్టల్ గది మధ్యలో ఇస్తారా లేదా అన్నది ముందే కనుక్కోండి.

బ్రాంచి సంగతి

ఇక్కడ ఎక్కువ చెప్పవలసింది లేదు. 2024–25 నుంచి సీట్ల గరిష్ఠ పరిమితిని సాంకేతిక విద్యను నియంత్రించే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ ఎత్తివేసిన తర్వాత కంప్యూటర్ సైన్సు, దాని అనుబంధ బ్రాంచిలలో సెక్షన్లు బాగా పెరిగాయి. సెక్షన్లు పెరిగిన చోట ఒక గైడు కింద నాలుగైదు బ్యాచిలు పడి, వారానికి ఒక పావుగంట మాట్లాడటం కూడా కష్టమవుతుంది. సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్ విభాగాల్లో విద్యార్థులు తక్కువ కాబట్టి యంత్రాలూ అధ్యాపకులూ ఎక్కువ సమయం దొరుకుతారు. కంప్యూటర్ సైన్సే కావాలనుకున్నవారు మన చుట్టూ ఉన్న సమస్యను ఎంచుకుంటే గుంపులో కలిసిపోకుండా నిలబడగలరు. ఉదాహరణకు, మిర్చి ఆకుల తెగుళ్లను ఫొటోలను బట్టి గుర్తించే ప్రాజెక్టు ఏటా డజన్ల కొద్దీ బ్యాచిలు చేస్తాయి, దాదాపు అందరూ ఎక్కడినుంచో దింపుకున్న ఫొటోలే వాడతారు. 2021లో నల్ల తామర పురుగు మన మిర్చి తోటలను ఎలా దెబ్బతీసిందో ఇక్కడి రైతుకు తెలుసు. ప్రత్తిపాడు వైపు ఒక తోటలో పది శనివారాలు తిరిగి, ఎండలో, నీడలో, మంచులో తీసిన సొంత ఫొటోలు వెయ్యి ఉన్న విద్యార్థి, గుంటూరు దగ్గరి లాం ఫారంలోని వ్యవసాయ శాస్త్రవేత్తల దగ్గరికి వెళ్లి ఏది పురుగు, ఏది వైరసు అని సరిచూసుకుంటే, అది పరిశోధన అవుతుంది.

హానర్స్, ఇంటర్న్‌షిప్, చివరి సెమిస్టర్ ప్రాజెక్టు

బి.టెక్ పట్టాకు 160 క్రెడిట్లు కావాలి. వాటికి పైన మరో 18 నుంచి 20 క్రెడిట్లు సొంత బ్రాంచిలో చదివితే హానర్స్, వేరే బ్రాంచిలో చదివితే మైనర్ వస్తుంది. ఆ అదనపు క్రెడిట్లను ఐఐటీలు ఆన్‌లైన్‌లో నడిపే ఎన్‌పీటెల్ కోర్సులతో పూర్తిచేసే వీలు చాలా కాలేజీలు ఇస్తున్నాయి. వారం వారం అసైన్‌మెంట్లకు 25 మార్కులు, చివరి పరీక్షకు 75. సర్టిఫికెట్ల సంఖ్య కోసం అయితే అది వృథా శ్రమ. చేయబోయే ప్రాజెక్టుకు కావలసిన ఒక్క కోర్సు, ఉదాహరణకు జలశాస్త్రమో, గణాంక పద్ధతులో, ప్రాజెక్టుకు ముందు సెమిస్టరులో చదివితే మాత్రం గైడు ఏడాదిలో చెప్పలేనిది వస్తుంది.

చివరి సెమిస్టరులో కంపెనీ ఇంటర్న్‌షిప్‌కు వెళ్లడమా, కాలేజీలో ఉండి ప్రాజెక్టు చేయడమా అన్నది అందరికీ ఎదురయ్యే ప్రశ్న. ఉద్యోగం ఖాయం చేసే ఇంటర్న్‌షిప్ వస్తే, కుటుంబానికి ఆ జీతం అవసరమైతే, రెండో ఆలోచన లేకుండా వెళ్లాలి. పరిశోధనలో కొనసాగాలనుకునేవారు కాలేజీలో ఉండటం మంచిది, కానీ అప్పటికి పని మొదలై ఉండాలి. ఫ్లై యాష్ ఉదాహరణనే మళ్లీ తీసుకుంటే, అది సిమెంటు కన్నా నెమ్మదిగా బలం పుంజుకుంటుంది కాబట్టి 28 రోజుల ఫలితం చూసి అది పనికిరాదనడం పొరపాటు, 90 రోజుల దాకా ఆగి చూడాలి. సెమిస్టరు పదహారు వారాలు, అంటే 112 రోజులు. మొదటి మూడు వారాల్లో క్యూబులన్నీ పోసేస్తే తప్ప 90 రోజుల ఫలితం చేతికి రాదు. మూడో ఏటి వేసవిలోనే సామగ్రి తెచ్చి, చిన్న మోతాదులో ఒకసారి పోసి చూసిన బ్యాచికే అది సాధ్యం.

ఇక్కడ ఒక హెచ్చరిక. ప్రాజెక్టు పూర్తికాగానే డబ్బు కడితే వారంలో పత్రం అచ్చువేస్తామని మెయిళ్లు వస్తాయి. సరైన పత్రిక ఏదైనా నిపుణులకు పంపి, వాళ్ల ప్రశ్నలకు జవాబులు తీసుకుని, నెలల తర్వాత నిర్ణయం చెబుతుంది. డబ్బు కట్టి వారంలో అచ్చయిన పత్రం రేపు ఐఐటీ ఇంటర్వ్యూలో కూర్చున్నప్పుడు విద్యార్థికే ఇబ్బంది తెస్తుంది. ఆ డబ్బుతో మరో పన్నెండు క్యూబులు పోయవచ్చు.

బి.టెక్ తర్వాత

ఎం.టెక్ ప్రవేశానికి రాసే గేట్ పరీక్ష స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. ఆ స్కోరుతో ఎం.టెక్‌లో చేరినవారికి నెలకు 12,400 రూపాయల ఉపకార వేతనం వస్తుంది. 2022 యూజీసీ నిబంధనల ప్రకారం నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం మార్కులున్నవారు ఎం.టెక్ లేకుండా నేరుగా పీహెచ్‌డీకి దరఖాస్తు చేసుకోవచ్చు, రిజర్వేషన్ వర్గాలకు ఐదు శాతం సడలింపు ఉంది. పీహెచ్‌డీ కనీస కాలం మూడేళ్లు, గరిష్ఠ కాలం ఆరేళ్లు. ప్రధానమంత్రి రిసెర్చ్ ఫెలోషిప్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 70,000 రూపాయలు ఇస్తారు, కానీ ఆ పోటీ చాలా గట్టిది. బి.టెక్‌లో ఒక ప్రయోగాన్ని మొదటి నుంచి చివరి దాకా సొంతంగా నడిపినవారికే నేరుగా పీహెచ్‌డీ సలహాగా చెబుతాను. ఆ అనుభవం లేకుండా, కేవలం మార్కులు ఉన్నందువల్ల చేరేవాళ్లకు రెండేళ్ల ఎం.టెక్ నయం, నచ్చకపోతే పట్టాతో బయటికి రావచ్చు.

ఇంతకీ మా అన్నయ్య కూతురి సంగతి. మేమిద్దరం రెండు కాలేజీలు తిరిగి చూశాం. ఖర్చు చూసుకుని గుంటూరు దగ్గరి స్వయంప్రతిపత్తి కాలేజీలో కన్వీనర్ కోటా సీటు తీసుకుంది. ఆ సివిల్ విభాగంలో జలవనరుల మీద పనిచేసే అధ్యాపకురాలు ఒకరు, ఆమె దగ్గర పూర్తికాలం స్కాలర్లు ఇద్దరు ఉన్నారు. తెనాలి నుంచి రోజూ బస్సులో వెళ్లి రావచ్చని మా అన్నయ్య పట్టుబట్టాడు, మూడో ఏటి దాకా ఆగమని నేనూ అన్నాను. ఆ అమ్మాయి మా ఇద్దరి మాటా వినకుండా మొదటి ఏడే హాస్టల్లో చేరింది. అక్టోబరులో వానలు పడుతున్నప్పుడు ఫోన్ చేసి కారణం చెప్పింది. విభాగం ముందున్న పచ్చికలో ఒక వర్షమాపకం ఉంది. మన దేశమంతటా వాన లెక్క ఉదయం ఎనిమిదిన్నరకే తీస్తారు కాబట్టి స్కాలర్లు అదే సమయానికి దాన్ని చదివి రిజిస్టరులో రాస్తారు. తెనాలి బస్సు ఎనిమిదీ నలభైకి గానీ గేటు దాటదు. "ఈ నెల నుంచి రిజిస్టరు నాకే ఇచ్చారు బాబాయ్. ఈ రోజు 42 మిల్లీమీటర్లు" అంది.